తరుగు

గుణుపురంలో పట్టాలు అయిపోతాయి.
రైలు ఊపిరి తీసుకుని వెనక్కి తిరిగే చోట
నేను బూట్ల లేసు బిగిస్తాను.
నాలుగుంపావు. టీ బడ్డీ సామంతరాయ్ బొగ్గులు విసురుతూ
"ఏటి కనకరత్నం, ఎవరు తరుముతున్నారే?" అంటాడు,
సగం ఒడియా కలిసిన తెలుగులో.
రోజూ అదే మాట. రోజూ కొత్తగా నవ్వుకుంటాడు.

తరిమేది ఓ అంకె.
తొమ్మిది కిలోలు దిగాలన్నాడు డాక్టరు,
చీటీ మీద గుండ్రంగా చుట్టి మరీ ఇచ్చాడు.
పగలంతా చింతపండు కొట్లో కాటా పక్కన కూర్చుని
ఊరి బరువంతా పద్దు రాసేదాన్ని,
నా బరువు నాకు ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

సోమ, బుధవారాల్లో వంశధార గట్టు.
పోయిన వానల్లో పాత దారిని ఏరు తినేసింది,
ఇప్పుడు దోసపాదుల మధ్య నుంచి కొత్తది.
ఇసుకలో అడుగేస్తే పూర్తిగా పుచ్చుకుని
సగమే తిరిగిస్తుంది, మా షావుకారిలా.

గురువారం జీడితోటల బాట.
మూడు కల్వర్టులు, రెండు కుక్కలు.
అందులో ఒకటి కరుస్తుందట,
ఏదో ఇంకా తేలలేదు.

మంగళవారం సంత. మంగళవారం కొండ.

అక్కడ రోడ్డు పైకి పోదు, లేచి నిలబడుతుంది.
మంచులో జీలుగు చెట్టు కుండ కట్టుకుని కాచుకునుంటుంది.
ముందు గాజుల చప్పుడు వస్తుంది,
తర్వాత చింతపండు వాసన,
ఆ తర్వాతే మనుషులు.
గంపలు నెత్తిన పెట్టుకుని వరసగా దిగుతారు సవర ఆడాళ్ళు,
నేను ఒత్తుకుని ఎక్కుతాను.

"బరువు లేకుండా కొండెందుకు ఎక్కుతావు?"
గులాపి రైతా ఓసారి నిలబెట్టి అడిగింది.
ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని.
ఆయాసం నన్ను కాపాడింది,
చెయ్యి ఊపి తప్పించుకున్నాను.

మాఘంలో ఓ మంగళవారం
ఆమె గంప దించి రాతి మీద పెట్టింది.
చీర కుచ్చిళ్ళు దోపింది. "పద" అంది.
పైకి!
అప్పుడే దిగొచ్చిన కొండని మళ్ళీ పైకి!
నా బూట్లు ప్రతి రాయినీ అడిగి అడిగి వేశాయి,
ఆమె పాదాలు ఏ రాయినీ అడగలేదు.
జీలుగు చెట్టు మలుపు దగ్గర
నా కోసం ఆగి, కడుపు పట్టుకుని నవ్వింది.
మిగిలిన వాళ్ళు కింద నుంచి కేకలేశారు,
ఏం అన్నారో నాకు రాని భాష.
ఏం అన్నారో తెలిసింది.
తర్వాత నెమ్మదిగా దిగి
తన గంప తనే ఎత్తుకుంది.

పది గంటలకి అదే గంప కాటా ఎక్కింది.
ఇరవై రెండున్నర.
తడికనీ, గింజకనీ, గంపకనీ
రెండు కిలోలు తరుగు రాయాలి,
పదకొండేళ్ళుగా రాస్తున్న చెయ్యి ఇది.
ఆ పూట కలం ఇరవై రెండున్నర దగ్గరే ఆగింది.
"తరుగేదీ?" షావుకారు కళ్ళజోడు పైకి తోశాడు.
"పొద్దున్నే కొండ మీద పోయిందండి."
నెలాఖరున జీతంలో కోశాడు, పెద్ద మొత్తమేం కాదు.

పైవారం ఆయనే కుర్చీ వేసుకుని కాటా పక్కన కూర్చున్నాడు.
రాశాను.
రెండు అనే అంకె కొంచెం వంకరపోయింది.
గులాపి దాన్ని చూసింది, నన్ను చూసింది,
డబ్బులు కొంగున ముడేసుకుంది.

నాలుగు కిలోలు దిగానని డాక్టరు మెచ్చుకున్నాడు.
ఎక్కణ్ణుంచి దిగాయో ఆయన అడగలేదు.

మళ్ళీ మంగళవారం. లేసు బిగిస్తున్నాను.
ఇవాళ గులాపి అడిగితే ఏం చెప్పాలో
రాత్రంతా కూడబలుక్కున్నాను, సగం వరకు వచ్చింది.
సామంతరాయ్ తన మాట అనబోయి
కొండ మీది మబ్బు చూసి మానేశాడు.
"గొడుగు లేదా?" అన్నాడు.