కిటికీల ఒక్కటే బోల్టు

మునుగోడు రోడ్డు మీద, ధర్మకాంట దాటినంక
నా షెడ్డు.
శుక్కురారం పొద్దుగాల క్రేనుకు ఏలాడుకుంట వచ్చింది
ఐతగోని పెంటయ్య కారు.
చండూరు దాటినంక రేడియేటర్ పైపు పగిలిందట.
ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కినా
"ఇంకో నాలుగు కిలోమీటర్లే గదా" అనుకున్నడట.

పుల్లీకి పానా పెట్టి, పానాకు పైపు తొడిగి
నేనూ గౌసూ ఏలాడినం.
ఇసుమంత గూడ కదల్లే.
పిస్టన్లు గోడలకు అతుక్కపోయినయ్,
అడుగంటిన గట్క కుండను పట్టినట్టు.

"ఇంజను పోతే పోనీ," అన్నడు పెంటయ్య
కారు దిక్కు ఒళ్ళంత తిప్పి.
మెడ ఒక్కటే తిరగదు ఆయనకు.
"గేరుబాక్సు పైలం. అది నా ఎడమకాలు."

ఊకె అన్న మాట గాదు.
మర్రిగూడ దిక్కు బోరునీళ్ళు తాగి పెరిగిన మనిషి.
నీళ్ళల్ల ఏముందో ఎరుకయ్యేటాళ్ళకు
కీళ్ళల్ల రాయి కట్టింది.
మోకాలు మడతపడదు, క్లచ్చు తొక్కరాదు.
మూడేండ్ల బత్తాయి పైసలు కూడబెట్టి
పట్నంల కొన్నడు, సెకండ్‌హ్యాండు ఆటోమేటిక్కు.
తోటల్నించి మార్కెట్ దాక
ఎవ్వర్నీ బతిమిలాడకుండ వచ్చిన తొలి దినం
నా షెడ్డు ముందల ఆపి హారన్ కొట్టిండు,
పని ఏం లేకున్నా.

ఇగ సంగతి ఇది.
ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ
గుమ్మడికాయంత కన్వర్టరు, కడుపు నిండ నూనె.
దాన్ని ఇంజను పళ్ళానికి పట్టుకున్నవి ఆరు బోల్టులు.
స్టార్టర్ ఊడదీస్తే అరచేతంత కిటికీ,
ఆ కిటికీల ఒక్కటే బోల్టు కనబడ్తది.
అది ఇప్పి, ఇంజను తిప్పి, ఇంకోటి.
తిప్పి, ఇంకోటి.
తిరిగే ఇంజనైతే పావుగంట పని.

ఒక్కటి ఇప్పినం.
తక్కిన అయిదూ చీకట్ల,
ఆడనే, జానెడు దూరంల.

గ్యాసుకట్టర్ పెడ్దామన్నడు గౌసు.
పెడ్తే కాలు కాల్తది అన్న.
సిలిండర్లల్ల డీజిల్ పోసి రాత్రంత నాననిచ్చినం.
శనివారం మళ్ళా ఏలాడినం.
పానా వంగింది.

పచ్చిపులుసు కలుపుకుంట చూస్తున్న.
పెంటయ్య కొట్టుకాడ చాయ తాగుతున్నడు.
ఎన్కనించి ఎవరో పిలిచిండ్రు.
పాదాలు ఒకటెన్క ఒకటి జరుపుకుంట
మనిషంత తిరుగుడు మొదలువెట్టిండు, బరువు తలుపు తీరు.
పిలిచినోడు అంతదాక ఆగలే,
తనే ముందట్కి వచ్చిండు.

చెయ్యి కడుక్కోకుండనే లేసిన.

ఆ అయిదింటి ముచ్చట ఇడ్సిపెట్టి
చుట్టూర ఉన్న పెద్దబోల్టులు ఇప్పినం, తొమ్మిది.
గేరుబాక్సు కింద జాకీ, జాకీ కింద చెక్క.
కన్వర్టరును ఇంజనుకే ఉండనిచ్చి
గేరుబాక్సును ఎన్కకు, ఇంకా ఎన్కకు,
పొదుగు కాడికెల్లి లేగను గుంజినట్టు,
సూటిగ, ఎటూ ఒంగకుండ.
బుడుక్కున ఊడొచ్చింది.
నూనె ఇద్దరి మీదా.
వేలికి రాసి వాసన చూసిన.
దానిమ్మరసం రంగు. మాడు వాసన లేదు.
"కాలు మంచిగుంది," అన్న గౌసుతోని.

ఇగ అయిదు బోల్టులూ బయటనే.
అది తిరగకపోతే
మేమే తిరిగినం దాని చుట్టూ,
పండుకొని, మోకాళ్ళ మీద, ఒగసారి తలకిందులు,
పీర్ల గుండం చుట్టూ తిరిగినట్టు.
ఆఖరుదానికి గౌసు వేలి చర్మం కొంచెం ఇచ్చిండు.

మంగళారం పాత ఇంజను ఒకటి దొరికింది.
కన్వర్టరు గేరుబాక్సుల కూసునేటప్పుడు
టక్ అంటది. కొంచెం తిప్పితే మళ్ళా టక్.
మూడోది రావాలె, రాలే.
గౌసు కండ్లు మూసి, చెవి ఆనిచ్చి,
ఎంట్రుకవాసి తిప్పిండు.
టక్.

పెంటయ్య వచ్చి గేటు కాడ నిలవడ్డడు,
మొగం రోడ్డు దిక్కు, నాకు వీపు,
పోయే లారీలు లెక్కబెడ్తున్నట్టు.
తాళంచెయ్యి నా జేబుల ఉంది.
ఎన్కనించి పిలువలే.
చుట్టు తిరిగి
ముందట్కి పోయిన.