ఐదు థౌ

పిస్టన్ గుండ్రంగా ఉంటుందనుకున్నా,
కావలి ట్రంకు రోడ్డు వెనక సందులో
రంతుల్లా మేస్త్రి లేతు కింద
ఇనప రజను ఊడ్చే రోజుల్లో.
పదో తరగతి తప్పినోడికి
ఆ మాత్రం తెలుసులే అని గర్వం.

"కొలిచి చూడు అబయా" అన్నాడు.
పిన్ను బెజ్జం వైపు ఒక లెక్క,
దానికి అడ్డంగా ఇంకో లెక్క.
పైన సన్నం, కింద బొద్దు.
"మరి బోరు గుండ్రంగానే ఉందే?"
"కాగినాక ఇదీ గుండ్రమవుద్ది.
అప్పటిదాకా దానికి చోటియ్యాల."

చోటంటే
రెండు తలవెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత.
గేజీ రేకుల కట్టలో ఐదో నంబరు,
నూనె జిడ్డుకి నా బొటనవేలు వదిలేది కాదు.

కొలిచేది పొద్దున్నే.
రాత్రంతా బ్లాకూ పిస్టనూ
ఒకే బల్లమీద, ఒకే చలవలో పడుకోవాల.
రోహిణీకార్తె మధ్యాన్నం రేకుల షెడ్డులో
మైక్రోమీటరు కూడా అబద్ధమాడుద్ది.
పట్టుకున్న నీ చెయ్యే దానికి జొరం.

తుమ్మలపెంట పామంజి పోలయ్య
పడవ ఇంజను దించిన నాడు
మేస్త్రి కంటి ఆపరేషనుకి నెల్లూరు పోయున్నాడు.
"బిగువుగా పెట్టు నాయనా,
పొగ మింగలేక చస్తన్నా" అన్నాడు పోలయ్య.
నాకూ బిగువంటే ఇష్టం. ఆ వయసు అట్టాంటిది.
సానరాయి తిప్పి తిప్పి
రెండు థౌ దగ్గర ఆపా.
నూనె రాసి వేలితో నొక్కితే
సీసాలోకి తేనె దిగినట్టు దిగింది.
చూసి మెచ్చుకునేవాడు లేక
నేనే ఈల వేసుకున్నా.

పదకొండో రోజు తిరిగొచ్చింది.
పోలయ్య ఏమీ అన్లేదు.
గోనెసంచి విప్పి పిస్టన్ బల్లమీద పెట్టాడు.
కంపచెట్లలో పడిన మోకాలిలా
నాలుగు చోట్ల గీరుకుపోయిన అల్యూమినియం.
పన్నెండు మైళ్ళ లోపల, నిండు వల మీద,
ఫుల్లు రేజింగులో పట్టేసిందంట.
వల కోసేసి, ఉన్న ఒక్క తెడ్డూ మార్చుకుంటా
ఒక రాత్రీ ఒక పగలూ.
ఇదంతా వాళ్ళ అల్లుడు తర్వాతెప్పుడో చెప్పాడు.
ఆ రోజు నేను చూసింది
పోలయ్య అరచేతులకి చుట్టుకున్న తువ్వాలు.

మేస్త్రి కంటికి పచ్చగుడ్డ ఇంకా తియ్యలేదు.
నా చూపుడువేలు పట్టుకుని
ఆ గీతల మీద నడిపించాడు,
పైనించి కిందికి, నాలుగుసార్లు.
తిట్టుంటే బాగుండేది.
"కొత్త లైనరు నీ జీతంలో" అన్నాడు.

ఈసారి పదిసార్లు కొలిచా. నమ్మకం చాల్లా.
"రింగులు లేకుండా పిస్టన్ తలకిందులుగా దించు.
పక్కన ఐదో నంబరు రేకు దూర్చు.
ఎంత బరువుకి లాగితే వస్తదో చూడు."
మా స్ప్రింగు తూకం తుప్పుపట్టి పోయుంది.
పోలయ్య సంచిలోంచి తన కాటా తీశాడు,
వంజరాలు తూచేది,
కొక్కేనికి ఇంకా పొలుసులు.
నేను లాగుతుంటే
మేస్త్రి ఒంటికన్ను ముల్లు మీద.
రెండు కిలోల దగ్గర రేకు కదిలింది,
ఆగకుండా, ఉన్నట్టుండి జారకుండా.
"రెండు కిలోల వంజరం పడిందిరోయ్" అన్నాడు పోలయ్య.
తిరిగొచ్చాక ఆయన నోట అదే మొదటి మాట.

యాభై గంటలు సగం రేజింగే అని
ఒట్టు వేయించుకుని పంపా.

తెల్లారుజామున నాలుగింటికి ఫోను.
హలో అన్లేదు. అలల మోత,
ఆ పైన ఇంజను.
టక టక టక టక
చల్లటి పిస్టను తన చోటులో
ఈ గోడకీ ఆ గోడకీ తగులుకుంటా.
మంచం మీద లేచి కూచున్నా.
ఒక నిమిషం. రెండు.
బిట్రగుంట వైపు గూడ్సు కూత వేసుకుంటా పోయింది.
టకటక పలచబడింది.
ఒకటి తగిలి, ఒకటి తప్పి,
అదిగో,
గుండ్రమైంది.

అవతల ఫోను పెట్టేశాడు.