నవ్వు బాకీ

మద్రాసు, కీల్పాక్, మూడో థియేటరు.
చెంగల్రాయుడి ముక్కు మొదట్లో, కంటి కొసల్లో
సూదిమొన తాకించి
యంత్రానికి ముఖం పరిచయం చేశాను.
తెరమీద పచ్చ గీతలు అడ్డంగా కోసుకుని
"ఇక్కడున్నావు" అన్నాయి.
చూపు నరానికి రెండు మిల్లీమీటర్ల ఇవతల.

చితికిన ఎడమ చెంపకు
కుడి చెంపనే అద్దంలో తిప్పి
కొలతగా ఇచ్చింది కంప్యూటరు.
టైటానియం రేకు అచ్చంగా కూర్చుంది.

అయినా చెయ్యి ఆగింది.
నిన్న వరండాలో,
సూళ్లూరుపేట చేపల బుట్ట వాసనతో
వాళ్లావిడ అంది:
"ఆయన నవ్వితే ఎడమవైపే ముందు లేస్తాది సార్,
కుడిది తర్వాత, బాకీ తీర్చినట్టు."

స్కానులో నవ్వు పడదు.
మరలు బిగించాను, కొలత ప్రకారమే.
ఇక ఆ బాకీ సంగతి
మత్తు దిగాక ఆయనే చూసుకోవాలి.