ఆఖరి బండి వెళ్ళాక

వాళ్ళు వెళ్ళాకే మేము కదలాలని పోలీసుల షరతు.
రాయగడ స్టేషను రోడ్డులో
సున్నం గీత ఇంకా ఆరలేదు.
నూట డెబ్భై చక్రాలు దాటి పోయాయి దాన్ని.
మావి పది.

కోర్టు ఎదుట టైపు కొట్టుకునే నేను,
రైలుపట్టాల గ్యాంగులో తవిటయ్య,
పేపరుమిల్లులో రిటైరైన నీలాద్రి పాఢి,
కొండ మీది ఆసుపత్రిలో నర్సు సుకాంతి జకసిక,
బట్టలకొట్టు గుణాకర్.
మాలో గేర్లున్న బండి వాడిదొక్కటే,
గేరు మార్చడం రానివాడూ వాడొక్కడే.

నా హ్యాండిలుకి పాలపొడి డబ్బా, మూతకి నిలువుకోత.
దాని మీద మూడు లిపుల్లో నేనే రాశాను,
సికిల్ సెల్ పిల్లలకి రక్తం దాచే ఫ్రిజ్ కోసం అని.
ఆ జబ్బులో నెత్తుటి కణం కొడవలిలా వంగుతుందని
సుకాంతి చెబుతుంటే తవిటయ్య నవ్వాడు:
"కొడవలికి సందాలేటి బావూ, కోతలా ఇప్పుడు?"
ఘాటీ ఎక్కేసరికి నవ్వు మానేశాడు,
దానికి మిగిలే ఊపిరి లేక.

రోడ్డు పొడుగునా వాళ్ళు పీల్చి పారేసిన
తీపి జిగురు కాగితాలు, ఎండకి చేపపిల్లల్లా.
గుణాకర్ గొలుసు రెండుసార్లు జారింది.
కాలవలో ఒక సీసా దొరికింది, దాని మీద ఇటలీ భాష.
పాఢిబాబు దిగి, తుడిచి, బోరింగు నీళ్ళు పట్టి తాగి
"మన నీళ్ళలాగే ఉన్నాయి" అన్నాడు,
కాస్త నిరాశగా.

మలుపులో కాగితం జెండాలతో
బడిపిల్లలు ఇంకా నిలబడే ఉన్నారు.
మాస్టారు చప్పట్లు కొట్టమన్నారు,
మమ్మల్ని సరిగ్గా చూశాక ఆపమన్నారు.
కొందరు ఆపలేదు.

అల్లం బుట్ట ముందు కూర్చున్న ముసలమ్మ అడిగింది:
"పందెగాళ్ళు మీరేనేటి?"
కాదమ్మా, వాళ్ళెప్పుడో పోయారు.
"గాలొచ్చినట్టొచ్చి పోనారు. ఒక్కుడి మొకమూ సూణ్ణేదు.
మీరైతే కనబడతన్నారు."
కొంగుముడి విప్పి పది రూపాయలు వేసింది,
ఆ తర్వాత మూత తీయించి
ఓ అల్లం కొమ్ము కూడా.

సుకాంతి ఎక్కడా దిగలేదు.
ఈ రోడ్డు ఆమెకి మలుపు మలుపూ తెలుసు.
రక్తం కిందనుంచి జీపులో వస్తుంది, ఐసు డబ్బాలో.
జీపు ఆగుతుంది, ఐసు ఆగదు.
వార్డులో లిటు అని తొమ్మిదేళ్ళవాడున్నాడట,
మంచం మీద వెల్లకిలా పడుకుని
గాలిలో సైకిలు తొక్కుతాడట,
నొప్పి దిగుతోందని అలా తెలుస్తుందట.
రెండు రోజులుగా తొక్కడం లేదు.
ఇదంతా లక్ష్మీపూర్ దగ్గర చెప్పింది, నేనడక్కుండానే.

చేరేసరికి పొద్దు గుంకింది.
గెలుపు తోరణంలోంచి గాలి తీసేశారు,
రోడ్డుకడ్డంగా పడుకుంది చూడి గేదెలా.
దాన్ని మడుస్తున్న కుర్రాళ్ళు మాకోసం
ఓ అంచు ఎత్తి పట్టారు.
వంగి, సైకిళ్ళు నడిపించుకుంటూ
దాని కిందనుంచి దూరాం.

టార్చి వెలుగులో లెక్కపెట్టాం.
పదకొండు వేల ఆరువందల నలభై.
లెక్కలో చేరనివి అల్లం కొమ్ము, ఒక చొక్కా గుండీ,
ఎవరిదో బస్సు టికెట్టు.
టైపు కొట్టేవాడిని కదా, అవీ రాసుకున్నాను.
ఫ్రిజ్‌కి ఇంకా ఎంత తక్కువో పాఢిబాబుకి తెలుసు.
ఎవరమూ అడగలేదు.

దిగేటప్పుడు చలి. బ్రేకుల మూలుగు.
ఐదుగురికీ ఒకే టార్చి, అది తవిటయ్య పళ్ళమధ్య.
అల్లం బుట్ట ఉన్నచోటు దాటాక
కిందనుంచి రెండు దీపాలు, హారను లేకుండా,
ఇంజను గొంతు చించుకుంటూ.
"మాదే" అంది సుకాంతి.
సైకిళ్ళు కొండకి ఆనించి
పొట్టలు లోపలికి లాక్కుని నిలబడ్డాం.
ముందు సీట్లో ఒకడు తెల్లడబ్బా ఒళ్ళో పెట్టుకుని
రెండు చేతులతో దాని మూత అదిమి పట్టుకున్నాడు.
పొద్దున పందేనికి కూడా ఈ రోడ్డు
ఇంత దారి ఇచ్చి ఉండదు.

దుమ్ము కిందికి దిగాక
గుణాకర్ గొలుసు మళ్ళీ జారింది.