ఎనిమిదోది

ట్రెబీచ్ చుట్టుపక్కల నలభై ఊళ్ళల్లో
పియానోలకు శ్రుతి చేసి బతుకుతాను.
చెవులే నా పొలం, చెవులే నా పంట.
అలాంటివాడికి ఆ పిస్తోలెందుకని
మా ఆవిడ ద్రహోమీర అడగడం మానేసి ఏళ్ళయింది.

ఓ రైల్వే గార్డు భార్య అమ్మింది నాకు,
ఆయన పోయాక, లైసెన్సు చూసి, సంతకాలు చేసి.
బ్రనో నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకు తెచ్చాను,
తాళం వేసిన పెట్టెలో,
ఎవరి పసిబిడ్డనో మోస్తున్నట్టు బిక్కుబిక్కుమంటూ.

గుండు పెన్సిలంత సన్నం.
దాని వెనక ఇత్తడి గొట్టానికి మాత్రం సీసా భుజాలు,
సీసా మెడ.
ఆ మెడలో ఇరుక్కుని బయటపడేదానికి
ఎంత తొందరో చెప్పనక్కర్లేదు.
నవంబరు మసక వెలుతురులో
గొట్టం మూతి దగ్గర ముద్దబంతి విచ్చుకుంటుంది.
పూసింది చూసేలోపు రాలిపోతుంది.

మా గురి మైదానం పాడుబడ్డ గ్రానైటు క్వారీ.
చెవుల్లో మైనం, మైనం మీద డిప్పలు.
అయినా చప్పుడు చెవుల్లోంచి రాదు,
పళ్ళలోంచి వస్తుంది, మోచేతి ఎముకలోంచి వస్తుంది.
ఖాళీ తూటాలు కుడివైపు పదడుగులు ఎగిరి పడతాయి.
అక్కడ మడత కుర్చీ వేసుకుని
ఎనభై ఒక్కేళ్ళ జ్దిస్లావ
సీతాకోకచిలుకల వలతో వాటిని పడుతుంది.
ఏడింటికి నాలుగు. ఒక్కోసారి అయిదు.
"నీకంటే నాకే ఎక్కువ పేలుతోందిరా ఇది" అంటుంది.

పాత సర్కారు తూటాలు. మసిలో ఉప్పుంటుంది.
ఇంటికి రాగానే గొట్టంలో సలసల కాగిన నీళ్ళు పొయ్యాలి,
లేకపోతే తెల్లారేసరికి తుప్పు.
టీ కెటిలే వాడాను మొదట్లో.
ద్రహోమీర తనకి వేరే కెటిల్ కొనుక్కుంది,
దాని పిడికి ఎర్రదారం కట్టుకుంది.

తర్వాత ఎవరూ చూడకుండా
శ్రుతిదండాన్ని మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాను.
ఎన్ని సెకన్లు వినిపిస్తే అన్నీ
క్యాలెండరు వెనక రాసుకుంటాను.
నలభై ఒకటి. నలభై. నలభై.
ముప్పై ఎనిమిది.
ఆ రోజు జలుబు చేసిందని పక్కన రాశాను.

మొన్న శనివారం ఏడు పేలాయి.
ఎనిమిదోది
టక్.

పేలకపోతే కదలకూడదు. అది నియమం.
మూతి గురివైపే ఉంచి ముప్పై సెకన్లు లెక్కపెట్టాలి,
ఆలస్యంగా నిప్పంటుకునే తూటాలుంటాయి.
జ్దిస్లావ వల పైకెత్తి అలాగే నిలబడింది.
లెక్కపెడుతున్నాను.
ఆరు. ఏడు.
డిప్పల లోపల నా నెత్తురు నడుస్తున్న చప్పుడు.
పదకొండు.
దాని వెనక ఇంకోటి.
సన్నంగా, తెంపు లేకుండా,
ఎవరో ఒక మెట్టు నొక్కిపెట్టి వెళ్ళిపోయినట్టు.

బయటిది కాదు.
చివరి ఆక్టేవు, ఎఫ్ షార్ప్.
వెంట్రుకవాసి తక్కువ.

ముప్పై ఏళ్ళ అలవాటు కదా,
ముందు స్వరం పేరు తెలిసింది,
అది నాదేనని తర్వాత తెలిసింది.
ఏ తీగ బిగించను? ఏ మేకు తిప్పను?
ఎప్పట్నుంచో ఉండే ఉంటుంది,
తర్వాతి పేలుడు చాటున నక్కి.

ముప్పై.
తూటా తీసి చూస్తే దాని వీపున గాటే లేదు.
లోపల సూది మొన విరిగింది, బియ్యపుగింజంత ముక్క.
జ్దిస్లావ ఖాళీ వల దులిపింది, అలవాటుగా.

సోమవారం నామ్యేష్త్ బడిలో పియానో.
పై మెట్ల దగ్గరికొచ్చి ఆగిపోయాను.
మోగుతున్నది తీగో, నేనో.
కిటికీ దగ్గర తొమ్మిదేళ్ళవాడు, వెండెలీన్ట,
ఆపిలు తింటున్నాడు.
ఇలా రా, అన్నాను. చెవి పెట్టు.
అల ఊగుతున్నట్టుంటుంది, ఆగగానే చెప్పు.

"ఊగుతోంది."
మేకు కొంచెం తిప్పాను.
"ఇంకా ఊగుతోంది."
ఆపిలు నములుతూనే చెప్తున్నాడు వాడు.
"ఇప్పుడు ఆగింది."

నమ్మాను.

కొత్త సూది పోస్టులో వచ్చింది.
సొరుగులో రబ్బరు బ్యాండ్ల కింద ఉంది, కవరు విప్పలేదు.
శనివారం రావడం లేదేమని
జ్దిస్లావ ఫోను చేసింది.
ఏమిటో అంటోంది. ఇంకోసారి చెప్పమన్నాను.