ఏటోలాగుండీది

ఆ పిల్ల పేరు నాకు తెలుసు.
రాయను. రాయకూడదు.
కాగితం మీద తను పి.డబ్ల్యు. ఒకటి,
వయసు తొమ్మిది, నాలుగో తరగతి.
పంతొమ్మిదేళ్ళుగా విశాఖ కోర్టులో
ఎవరు తెలుగులో ఏడ్చినా
ఇంగ్లీషులో టైపు చేయడం నా ఉద్యోగం.

ఇది అయిదో వాయిదా.
మొదటిది లాయర్ల బహిష్కరణలో పోయింది,
రెండోది తుపానులో, కెరటాలు బీచిరోడ్డెక్కిన రోజు.
మూడోది జడ్జిగారి బదిలీ.
నాలుగోది ఎందుకు పోయిందో
డైరీలో కూడా లేదు.
ప్రతిసారీ అదే గౌను ఉతికి తొడిగి తెచ్చింది తల్లి.
ఈసారి అది మోకాళ్ళ పైకొచ్చింది.

వరండాలో రెండు బల్లలు.
ఒకదాని మీద ఎర్నమ్మ, పక్కన పిల్ల.
రొయ్యల షెడ్డులో తలలు తీసి తీసి
ఎర్నమ్మ వేళ్ళ కొసలు తెల్లగా నానిపోయి ఉన్నాయి.
ఎదుటి బల్ల మీద మిగతా ఇల్లంతా:
అత్త, ఆడపడుచు, కట్టుకున్నవాడు,
వాళ్ళ మధ్య, బెయిలు మీద, మరిది.

"కడుపు సించుకుంటే కాళ్ళ మీద పడతాదే.
ఆడు జైలుకెల్తే ఇంటద్దె ఎవులు కడతారు?"
అంటూనే ముసలామె క్యారేజీ విప్పి
కొడుక్కి కలిపి పెట్టింది.
మనవరాలి వైపూ ఓ ముద్ద చాపింది,
"రాయే, నెత్తళ్ళ పులుసు. నీకిష్టం గదా."
పిల్ల ముక్కుపుటాలు కదిలాయి.
కాళ్ళు కదల్లేదు.
ఆ ముద్ద ఏ రికార్డులోనూ ఎక్కదు.

లోపల తలుపులు మూశారు.
జడ్జిగారు నల్లకోటు విప్పి కుర్చీకి తగిలించారు.
"అబద్ధమంటే తెలుసామ్మా?"
"జరిగింది జరగనేదనడం."
"ఎవరు చెప్పారు?"
"నాన్న. జరగనేదని సెప్పమన్నాడు."
ఎవరూ దగ్గలేదు.
నా వేళ్ళు ఒక్క క్షణం ఆలస్యమయ్యాయి.

తరవాత పిల్ల ఆగిపోయింది.
బొమ్మ ఇచ్చారు, నీళ్ళిచ్చారు,
కానిస్టేబుల్ సత్యవేణి వీపు నిమిరింది.
దాని చూపు నేల మీదే.
నేనూ చూశాను.
వాణ్ణి దాచడానికి కట్టిన ఆకుపచ్చ తెర
నేలకి జానెడు ఎత్తులో ఆగిపోయింది.
దాని కింద
నీలం రబ్బరు చెప్పులు.
చీకట్లో మంచం దాకా వచ్చే ఆ చప్పుడు
దానికి కంటితో కూడా తెలుసు.

నేను లేవకూడదు. లేచాను.
బల్ల మీది పాత కేసుల కట్టలు,
దారంతో బిగించినవి, తీర్పు రానివి,
ఒక్కొక్కటే తెచ్చి తెర అంచున పేర్చాను.
డిఫెన్సు లాయరు గొంతు సవరించుకున్నాడు.
జడ్జిగారు కిటికీలోకి చూశారు,
నా పని అయ్యేదాకా.

అప్పుడంది,
"ఏటోలాగుండీది."

అలవాటు కొద్దీ ఇంగ్లీషు మాటొకటి
నాకు డిక్టేటు చేశారాయన,
ఆస్పత్రి గోడలా తెల్లటి మాట.
టైపు చేశాక, "కొట్టెయ్యండి," అన్నారు,
"పిల్ల ఎలా అందో అలాగే."
పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి
ఏ అక్షరం ఎక్కడుందో తెలీక
ఏకారం కోసం తడుముకున్నాను.

లాయరు ప్రశ్న జడ్జిగారి నోటిగుండా వచ్చింది:
"ఇదంతా మీ అమ్మ నేర్పిందా?"
"మా అమ్మ రేతిరి పనికెల్తాది.
అందికే గదా."

ఆ రెండు ముక్కలు మళ్ళీ చదివి వినిపించమన్నారు.
నా గొంతు రికార్డు చదివే గొంతులా లేదు.

డాక్టరు సాక్ష్యానికి వచ్చే నెల పదకొండు.
కట్టలు ఎత్తి మళ్ళీ బల్ల మీద పెట్టాను,
దుమ్ము చేతికంటింది.
పోతూ పోతూ పిల్ల
నా కంప్యూటరు దగ్గర ఆగింది.
"నేను సెప్పిందల్లా ఇది రాసీసిందా?"

నెత్తళ్ళు రాయలేదు. గౌను రాయలేదు.
జానెడు సందు రాయలేదు.

"అంతా రాసేసిందమ్మా," అన్నాను,
ప్రమాణం చెయ్యకుండా.