తంగూసు

అమలాపురంలో సుభానీ కొట్టులో
రెండువందల ఎనభై పెట్టి కొన్నాను,
నీళ్ళలో కనపడని తంగూసు.
"చేపకే కాదు సార్, మీకూ కనపడదు" అన్నాడు.
హామీ అనుకుని జేబులో వేసుకున్నాను.

కోటిపల్లి రేవులో
పంటు మీద టిక్కెట్లు చింపుతాను.
పంటు అవతలికెళ్ళి వచ్చేదాకా
ఎవడి ట్రిప్పు వాడిది,
ముప్పావుగంట గౌతమి నాది.
మూడు గెడలు. సీసం గుళ్ళు. ఎర్రల డబ్బా.
టిక్కెట్టు పుస్తకం వెనకట్ట మీద లెక్క:
మామూలు తెల్ల దారానికి ఎన్ని,
నల్లటి అల్లిక దారానికి ఎన్ని,
సుభానీ దారానికి ఎన్ని.

శ్రావణంలో ఎర్రనీరు దిగింది.
మోచేతిదాకా ముంచితే
నా వేళ్ళు నాకే లేవు.
ఆ నీళ్ళలో పడవ మోకుకి గాలం కట్టి వదిలినా
జెల్లలు మింగేలా ఉన్నాయి.
నాలుగు, అయిదు, నాలుగు.
రెండువందల ఎనభై
బురదకి కట్టిన పన్ను.

చెల్లాయమ్మ నాకు పదడుగుల దూరంలో
పంటు తాడు కట్టే ఇనప గుంజ కింద కూచునేది.
ఆవిడది నూలు దారం,
తుమ్మచెక్క ఉడికిన నీళ్ళలో నానేసి
వాళ్ళ మావ ఎప్పుడో పేనినదట.
కొబ్బరి డొక్కకి చుట్టి తెచ్చుకునేది.
వరద రంగే దాని రంగు.
"ఏటి బాబూ రాత్తన్నావు?"
"ఏ దారం చేపకి కనపడదో అండి."
ఎర్రని గాలానికి ఎక్కిస్తూ
కాసేపు ఏమీ అనలేదు.
"ఆయ్. మాగమాసం రానీ, అప్పుడు రాసుకో."

మాఘంలో ఏరు తేటపడింది.
రేవు మెట్లు అయిదోదాకా లెక్కపెట్టొచ్చు.
ఆరో మెట్టు మీద ఎవరిదో వెండి పట్టీ,
దాని మీదుగా పరిగెల నీడలు.
అల్లిక దారం దిగడమే ఆలస్యం
నీడలన్నీ చెదిరిపోయాయి.
తెల్లది ఎండలో సాలెపోగులా మెరిసింది.
సుభానీది మాత్రం లేనట్టే ఉంది.
వారంలో పదకొండు.
తెల్లదానికి మూడు, నల్లదానికి సున్నా.
సున్నాని రెండుసార్లు దిద్దాను.

గెలిచినవాడిలా గుంజ వైపు చూశాను.
చెల్లాయమ్మ నూలు దారం కొసకి
మూరెడు గుర్రపు తోక వెంట్రుక ముడేసి ఉంది.
జట్కాలు పోయి ఎన్నేళ్ళయిందో,
ఆ వెంట్రుకని ఎక్కడ దాచిందో.
దీపాలు పెట్టేవేళ దాకా
గాలం తడపను కూడా తడపలేదు.
ఆవిడ బుట్టలో ఎన్నో
నేను లెక్క వెయ్యలేదు.

ఫాల్గుణంలో ఓ సాయంత్రం
ఏదో పెద్దదే లాగింది, బొచ్చె కావచ్చు.
పది బారల దారంతో వెళ్ళిపోయింది.
కొత్త గాలం కట్టాలి.
దారం కొస వేళ్ళ మధ్యే ఉందని తెలుసు,
గాలానికి చెవి ఉందని తెలుసు.
రెండూ ఆకాశానికెత్తి పట్టుకున్నాను,
కొసని నాలిక మీద తడిపాను,
మళ్ళీ ఎత్తాను.
పంటు రెండు కూతలు కూసింది.
మోటారుసైకిళ్ళవాళ్ళు టిక్కెట్టని అరుస్తున్నారు.
ఎడమకంట్లో శుక్లం ముదిరిందని
కాకినాడ డాక్టరు రాసిన చీటీ
ఏడాదిగా ఆ పుస్తకంలోనే ఉంది,
లెక్కలున్న అట్టకీ ఆఖరి కాయితానికీ మధ్య.

చెల్లాయమ్మ లేచొచ్చింది.
నా చేతుల్లోంచి రెండూ తీసుకుని
మొహం ఏటివైపే ఉంచి
ముడేసింది, పళ్ళతో కొస కొరికింది.
"దానికి కనపడితే పోతది బాబూ,
నీకు కనపడాపోతే ఎలాగ?"

మర్నాడు సుభానీ దగ్గర
నిమ్మపండు రంగు దారం తీసుకున్నాను,
చవక, అరవై రూపాయలు.
కొసకి మాత్రం మూరెడు పాతది.
ముడి చెల్లాయమ్మే వేస్తుంది.
లెక్క రాయడం మానేశాను,
పడుతూనే ఉన్నాయి, పడనిరోజు పడవు.

నిన్న పొద్దున్న ఇనప గుంజ మీద
నీటికాకి రెక్కలారబెట్టుకుంటోంది.
కుడికాలికి ఏదో ఉంది,
అది కాలెత్తినప్పుడల్లా మెరుస్తోంది.
నేను పంటు దిగి రెండడుగులు వేసేసరికి
మబ్బు పట్టింది.
కాలికి ఏమీ లేదు.
ఎగరబోయి, కుంటి,
మళ్ళీ అక్కడే వాలింది.